పోటు తగిలే రేవులో ర్యాంపు మీద పేరుకున్న ఒండ్రు తీయడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గోదావరి పాయ ఒడ్డున, మొగకు (పాయ సముద్రంలో కలిసే చోటుకు) కొంచెం లోపలగా ఉన్న మీ ఊరి రేవులో సిమెంటు ర్యాంపు సగానికి పైగా ఒండ్రు కిందికి వెళ్లిపోయింది. వెడల్పు 5 మీటర్లు, పూడిన పొడవు దాదాపు 20 మీటర్లు. పైభాగంలో చీలమండ లోతు బురద, కింద తొడ లోతు. పోటు నిండుగా ఉన్న గంటా రెండు గంటలు తప్ప ఫైబర్ బోట్లు దించడం గానీ ఎక్కించడం గానీ కుదరడం లేదు. జేసీబీ పెట్టమని ఒకరు చెప్పారు. చెరువుల దగ్గర వాడే ఆయిల్ ఇంజన్‌తో కడిగేయమని ఇంకొకరు అన్నారు. ర్యాంపును ఇంకో 10 మీటర్లు నీళ్లలోకి పొడిగిస్తే పీడ పోతుందని మరొకరు. వీటిలో ఏది చేయాలి, చేశాక మళ్లీ ఎన్నాళ్లకు పూడుతుంది అన్నది మీ ప్రశ్న.

నేను చేపల రేవులు, జెట్టీల నిర్వహణ పనుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీరు రాసిన దాన్నిబట్టి ఇంజన్‌తో కడగడమే మీ రేవుకు సరైన పని. అయితే పాటు, అంటే పోటు నీరు వెనక్కి దిగడం, బలంగా లాగుతున్న వేళల్లోనే కడగాలి, అంతకంటే ముందు ర్యాంపు దిగువ అంచు దగ్గర బురద నీళ్లు పోవడానికి దారి చేయాలి. ఈ రెండూ లేకుండా ఎంత పెద్ద ఇంజన్ పెట్టినా ఒండ్రును ఒకచోట నుంచి లేపి పక్కనే కూర్చోబెట్టినట్టు అవుతుంది, తర్వాతి పోటు దాన్ని మళ్లీ ర్యాంపు మీదికే తెస్తుంది. జేసీబీ అవసరం పడవచ్చు, పడకపోవచ్చు. పొడిగింపు సంగతి చివర్లో చెబుతాను.

పార పట్టే ముందు ఒక వెదురు గెడ తీసుకోండి. దాని మీద 10 సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున రంగు వేయండి. పాటు పూర్తిగా దిగి నీరు కదలకుండా నిలబడిన వేళ చిన్న నావలో కూర్చుని, ర్యాంపు దిగువ అంచు నుంచి పాయ మధ్య వరకూ 2 మీటర్లకు ఒకచోట లోతు కొలిచి రాసుకోండి. ప్రతిచోటా రెండు కొలతలు కావాలి. గెడ తనంతట తాను ఆగిన లోతు ఒకటి, చేత్తో గట్టిగా నొక్కితే దిగిన లోతు ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తేడా మెత్తటి ఒండ్రు మందం. ఇది నీటితో పోతుంది. రెండో కొలత కూడా ర్యాంపు అంచు కంటే ఎత్తులో ఉంటే, పాయ అడుగే పైకి లేచిందని అర్థం. అప్పుడు ర్యాంపును ఎంత కడిగినా లాభం లేదు, గుంటలో నీళ్లు ఆగినట్టు బురద వచ్చి ఆగుతుంది. అది డ్రెడ్జర్‌తో పాయలో పూడిక తీయాల్సిన పని, ఊరివాళ్లు సొంతంగా చేసేది కాదు. ఆ కొలతల కాగితం పట్టుకుని మత్స్యశాఖ దగ్గరకు వెళ్లండి. "రేవు పూడిపోయిందండి" అని నోటితో చెప్పడం కంటే తేదీ, వేళ వేసి లోతులు రాసిన కాగితం ఇస్తే పని కదులుతుంది.

రెండో పరీక్ష ఇంకా తేలిక. ర్యాంపు పైన ఒకచోట, మధ్యలో ఒకచోట, కింద ఒకచోట పిడికెడు మట్టి తీసి, నీళ్లు కలిపి అరచేతుల మధ్య రుద్దండి. జిగటగా జారిపోతే ఒండ్రు. గరగరలాడితే ఇసుక. ఒండ్రు ఒకసారి పారే నీళ్లలో కలిస్తే గంటల తరబడి తేలుతూ పోతుంది కాబట్టి పాటు దాన్ని మోసుకెళ్తుంది. ఇసుక అలా కాదు, నీటి జోరు కాస్త తగ్గగానే రెండు మూడు మీటర్లలో దిగిపోయి అంచు దగ్గర దిబ్బ కడుతుంది. మొగకు దగ్గరగా ఉన్న రేవుల్లో, తుఫాను తర్వాత, ఇసుక మేట వేయడం మామూలే. ఇసుకైతే పారలతోనో యంత్రంతోనో ఎత్తి తీయాల్సిందే. మీరు తొడ లోతు దిగబడుతోందని రాశారు కాబట్టి మీది చాలావరకూ ఒండ్రే అయి ఉండాలి. అయినా చూసుకోండి, కింద ఇసుక పొర, పైన ఒండ్రు పొర ఉన్న రేవులూ ఉంటాయి.

ఇంత ఒండ్రు ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే మిగతా పని తీరు దానంతట అదే అర్థమవుతుంది. గోదావరి మోసుకొచ్చే సన్నటి బంకమట్టి రేణువులు మంచినీళ్లలో దేనికది విడివిడిగా తేలుతుంటాయి. ఉప్పునీరు తగలగానే ఒకదానికొకటి అంటుకుని గుత్తులు కడతాయి, గుత్తి బరువెక్కి కిందికి దిగుతుంది. అందుకే మొగల దగ్గర, ఉప్పుటేళ్లలో ఇంత బురద. దానికి తోడు పాయల్లో చాలాచోట్ల పోటు తక్కువ సేపట్లో జోరుగా ఎక్కుతుంది, పాటు ఎక్కువ సేపు నిదానంగా దిగుతుంది. జోరుగా వచ్చే నీరు అడుగు నుంచి ఒండ్రును లేపి తెస్తుంది. పోటు నిండి నీరు నిలబడిన కాసేపట్లో అది కూర్చుంటుంది. నిదానంగా దిగే నీటికి దాన్నంతా తిరిగి లేపే బలం ఉండదు. ర్యాంపు ఒడ్డులోకి కోసిన గూడులాంటి చోటు కావడం వల్ల అక్కడ నీటి కదలిక ఇంకా తక్కువ.

ఎంత కూర్చుంటుందో మీరే లెక్క కట్టుకోవచ్చు. పోటు ఎక్కుతున్నప్పుడు ర్యాంపు దగ్గర ఒక లీటరు పారదర్శకమైన సీసాలో నీళ్లు పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున ఒండ్రు పొర కనబడుతుంది. పైనీళ్లు వంచేసి, మంచినీళ్లతో ఒకసారి కడిగి, మిగిలినదాన్ని ఎండబెట్టి బంగారం కొట్టు తక్కెడలో తూయించండి. అర గ్రాము వచ్చిందనుకుందాం. ర్యాంపు దిగువ అంచు మీద పోటప్పుడు 1.5 మీటర్ల నీరు ఉంటే, ఒక చదరపు మీటరు మీద నిలిచిన నీటిలో 750 గ్రాముల ఒండ్రు ఉన్నట్టు. అందులో సగం కూర్చున్నా, తడి బురదగా అది దాదాపు 1 మిల్లీమీటరు పొర. రోజుకు రెండు పోట్లు, అంటే 2 మిల్లీమీటర్లు. నెలకు 6 సెంటీమీటర్లు, ఏడాదికి మోకాలు దాటుతుంది. ఎర్ర నీరు వచ్చే జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇంతకంటే ఎక్కువ, వేసవిలో తక్కువ. మీ ర్యాంపు ఒక్క వరదకు ఇలా అయిందని అనుకోకండి, రోజూ ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున పూడింది. మళ్లీ ఎన్నాళ్లకు పూడుతుందన్న మీ ప్రశ్నకు జవాబు కూడా మీ సీసాలోనే ఉంది.

ఇప్పుడు ఎప్పుడు చేయాలో. మన తీరంలో అమావాస్యకూ పౌర్ణమికీ పోటుపాట్ల తేడా ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది, అష్టమి ప్రాంతంలో అర మీటరుకు అటూ ఇటూ పడిపోతుంది. నీరు ఎక్కువ ఎక్కి ఎక్కువ దిగే రోజుల్లో పాటు లాగుడు బలంగా ఉంటుంది, ర్యాంపు కింది భాగం కూడా బయటపడుతుంది. కాబట్టి అమావాస్య గానీ పౌర్ణమి గానీ వచ్చిన మర్నాటి నుంచి మూడు రోజులు మీ పనిదినాలు. అష్టమి నాడు ఇంజన్ తిప్పడం డీజిల్ దండగ.

నెలల్లో ఫిబ్రవరి, మార్చి అన్నిటికంటే మంచివి. బంగాళాఖాతంలో మన వైపు సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరు నెలల్లో బాగా పైకి ఉంటుంది, మార్చి ప్రాంతంలో అన్నిటికంటే కిందికి వస్తుంది. ఈ తేడా దాదాపు ఒక అడుగు. కార్తీక పౌర్ణమి పాటుకు కనబడని ర్యాంపు అంచు ఫాల్గుణ మాసంలో కనబడటం మీరు గమనించే ఉంటారు. చాలామంది ఈ పనిని వేట నిషేధంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్యలో పెట్టుకుంటారు. చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి అది సహజమే. కానీ అప్పటికి బోట్లన్నీ ఒడ్డుకు ఎక్కించి ఉండాలి, పూడిన ర్యాంపు మీద ఎక్కించడమే కదా మీ బాధ. పెద్ద పని మార్చిలో ముగించుకుంటే బోట్లు ఎక్కించడానికి ర్యాంపు సిద్ధంగా ఉంటుంది. నిషేధం చివరి వారంలో ఒకసారి పైపైన కడిగితే జూన్ 15న టెన్షన్ లేకుండా దించుకోవచ్చు.

పోటు వేళలు సముద్రం ఒడ్డున ఒకలా, పాయ లోపల ఒకలా ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసే పోటుపాట్ల పట్టికలు పెద్ద ఓడరేవులకు వర్తిస్తాయి. మీ రేవు దగ్గర దానికంటే ఎంత ఆలస్యమో ఒక గుంజ పాతి రెండు రోజులు చూస్తే తెలుస్తుంది. అక్కడి నుంచి రోజుకు సుమారు 50 నిమిషాలు కలుపుకుంటూ పోవడమే. మీ ఊళ్లో పెద్దవాళ్లు తిథి చెబితే పోటు వేళ చెప్పేస్తారు, వాళ్లను పక్కన పెట్టుకోండి.

ఇక పని. మొదటిరోజు ఇంజన్ అక్కర్లేదు. నీరు బాగా దిగిన వేళ ర్యాంపు దిగువ అంచు నుంచి పాయలో నీరు పారుతున్న చోటు వరకూ పారలతో ఒక బోదె (చిన్న కాలువ) తీయండి. రెండు అడుగుల వెడల్పు చాలు. పాటు ఏ వైపుకు పోతుందో ఆ వైపుకు వాలుగా, ర్యాంపు అంచు మట్టానికి ఒక జానెడు కిందుగా ఉండాలి. ర్యాంపు సిమెంటు అంచును ఆనుకుని మాత్రం తవ్వకండి, అడుగు దూరం వదలండి. ఆ అంచు కింద మట్టి పోతే పలక గాలిలో వేలాడుతుంది, ట్రాక్టరు ఎక్కిన రోజు విరుగుతుంది. పక్క గోడలు ఉన్న ర్యాంపు అయితే పాటు పోయే వైపు గోడ పక్కన ఉన్న బురదను కూడా ఒక బారెడు మేర తీసేయండి.

రెండో రోజు నుంచి ఇంజన్. 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్, 3 అంగుళాల పంపు మీ చుట్టుపక్కల ఏ చెరువు దగ్గరైనా దొరుకుతుంది. పైపు చివర ఒకటి లేదా ఒకటింపావు అంగుళం నాజిల్ బిగించండి. ఉత్త పైపుతో నీళ్లు వదిలితే బురద తడుస్తుంది తప్ప కోసుకుపోదు. నీళ్లు పీల్చే ఫుట్‌వాల్వును వెదురు బుట్టలో పెట్టి, బుట్టకు ఖాళీ డ్రమ్ము కట్టి తేలేలా చేయండి. దాన్ని ర్యాంపుకు ఎగువన, అంటే పాటు నీరు వచ్చే వైపున ఉంచాలి. దిగువన పెడితే మీరు కడిగిన బురదే మళ్లీ పంపులోకి వెళ్తుంది, ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) అరిగిపోతుంది.

పోటు నిండాక రెండు గంటలు ఆగి మొదలుపెట్టండి. అప్పటికి లాగుడు బాగా అందుకుంటుంది. దారి కింది నుంచి తీశాం కానీ కడగడం పై నుంచే. నీరు దిగుతున్న కొద్దీ ర్యాంపు పై నుంచి బయటపడుతూ వస్తుంది, మీరు నీటి అంచుకు రెండు మూడు అడుగుల పైనే ఉంటూ దాని వెంట దిగాలి. అప్పుడు కోసిన బురద నేరుగా పారే నీళ్లలో పడుతుంది. నాజిల్‌ను నిటారుగా గుచ్చకండి, అలా చేస్తే గుంట పడి బురద మీ మీదికే చిమ్ముతుంది. ర్యాంపుకు దాదాపు సమాంతరంగా, సిమెంటుకూ బురదకూ మధ్య సందులోకి కొట్టాలి. పైన గోధుమరంగు పలుచటి పొర, దాని కింద బూడిదరంగు, అడుగున నల్లటి బిగుసుకున్న పొర కనబడతాయి. సందులోకి నీళ్లు దూరగానే ఆ నల్లపొర చేటంత పలకలుగా లేచి వస్తుంది. వెనకాల ఇంకొకరు రబ్బరు పట్టీ వేసిన చెక్కతో ఆ పలకలను నీళ్లలోకి తోసి, విరగ్గొట్టి కలపాలి. ముద్దలుగా వదిలేస్తే పాటు మోయదు, బోదెలో అడ్డం పడతాయి. సిమెంటు బయటపడగానే అడ్డంగా ఉన్న గాళ్లను (గాడులను) తాపీతోనో ఇనుప బద్దతోనో గీకండి. బోటు ఎక్కించేటప్పుడు కాళ్లకూ టైర్లకూ పట్టు ఇచ్చేవి అవే. ఆ గాళ్లలో బురద ఉండిపోతే వారంలో పాకుడు పడుతుంది.

పూర్తిగా పాటు కావడానికి గంట ముందు కడగడం ఆపేయండి. ఇది ఖచ్చితంగా పాటించాల్సింది. చివరి గంటలో లేపిన ఒండ్రు రెండు వందల మీటర్లు కూడా పోదు, పోటు తిరగగానే వెనక్కి వస్తుంది. ఆ గంటను బోదెలో అడ్డుపడిన ముద్దలు తీయడానికి, కింది అంచు దగ్గర పారపనికి వాడుకోండి. పని అయ్యాక ఇంజన్‌నూ పంపునూ మంచినీళ్లతో కడగండి, ఉప్పునీరు అలాగే వదిలేస్తే పంపు బాడీ తినేస్తుంది.

ఎన్ని రోజులు? మీ కొలతల ప్రకారం సగటున 40 సెంటీమీటర్ల మందం అనుకుంటే మొత్తం 40 ఘనపు మీటర్లు. బురదను పారే నీళ్లుగా మార్చడానికి దానికి ఎనిమిది రెట్ల నీరు కావాలనుకోండి, 320 ఘనపు మీటర్లు. నాజిల్ పెట్టాక నిమిషానికి 600 లీటర్లు వస్తే గంటకు 36 ఘనపు మీటర్లు. అంటే తొమ్మిది గంటల పని. ఒక పాటుకు మూడు గంటలు దొరుకుతుంది, పగటిపూట రోజుకు ఒకటే పాటు. ఒక ఇంజన్‌తో మూడు రోజులు, రెండు ఇంజన్లతో రెండు రోజులు. అడుగున పొర మరీ బిగుసుకుని ఉంటే ఇంకో రోజు. రాత్రిపూట మాత్రం చేయకండి.

అదే బురదను ఎత్తి మోయాలంటే? 40 ఘనపు మీటర్లంటే, 100 ఘనపుటడుగులు ఒక యూనిట్ లెక్కన, 14 యూనిట్లు, పద్నాలుగు ట్రాక్టరు ట్రక్కులు. కొలతకు అలా అనిపిస్తుంది గానీ బురద ట్రక్కులో నిండుగా నిలవదు, జారిపోతుంది, కాబట్టి ట్రిప్పులు ఇంకా ఎక్కువే అవుతాయి. పైగా మెత్తటి ఒండ్రు ఒక ఘనపు మీటరు 1250 కిలోలు తూగితే అందులో ఎండు మట్టి 400 కిలోలే, మిగతా 850 కిలోలు నీళ్లు. డీజిల్ పోసి నీళ్లను ఊళ్లోకి మోసుకెళ్లడం అవుతుంది. అందుకే కడగగలిగినంత కడగమంటున్నాను.

జేసీబీ ఎప్పుడు కావాలంటే, ఏళ్ల తరబడి పేరుకుని చెప్పుతో నొక్కినా గుంట పడనంత గట్టి పొర ఉన్నప్పుడు, ఇసుక ఉన్నప్పుడు, లేదా పాత వలలు, తాళ్లు, దుంగలు కలిసిపోయి ఉన్నప్పుడు. పెట్టాల్సి వస్తే మూడు షరతులు పెట్టండి. బకెట్ పళ్లకు అడ్డంగా ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించాలి, లేకపోతే ఆ పళ్లు ర్యాంపు గాళ్లనూ అంచులనూ చీల్చేస్తాయి. యంత్రం ర్యాంపు మధ్యలోనే నిలబడాలి, పక్క అంచుల మీదికి చక్రం వెళ్లకూడదు. పోటు తిరిగే వేళకు యంత్రం పైకి వచ్చేయాలి. మూడోదాన్ని ఆపరేటర్లు తేలిగ్గా తీసుకుంటారు. "ఇంకో రెండు బకెట్లు" అంటూ ఉండిపోయి, తడి ఒండ్రు మీద చక్రాలు జారి, పోటు ఎక్కుతుండగా యంత్రాన్ని తాళ్లతో లాగాల్సి వచ్చిన సందర్భాలు నా కళ్లారా చూశాను. పొక్లెయిన్ అయితే ఒడ్డు మీదే ఉండి చేయి చాపగలదు, కానీ మీ ర్యాంపు చివరంతా అందదు.

బురద ఎక్కడ పోయాలన్న దాని గురించి మీరు అడగలేదు, కానీ ఊళ్లలో ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. ఎత్తి తీసిన ఒండ్రును పక్కనున్న మడ చెట్ల మొదళ్లలో పోయకండి. నేలలోంచి పైకి పొడుచుకొచ్చే సన్నటి వేర్లతోనే మడ చెట్టు గాలి పీలుస్తుంది. అవి బురద కింద కప్పబడితే చెట్టు కొన్నాళ్లలో ఎండిపోతుంది. ఆ చెట్టు ఉంటేనే ఒడ్డు నిలబడుతుంది, అది పోతే కోసుకుపోయిన ఒడ్డు మట్టి కూడా మీ ర్యాంపు మీదికే వస్తుంది. ర్యాంపు నెత్తిన కుప్ప పోస్తే మొదటి వానకు జారి కిందికి వస్తుంది. వరిచేలల్లో, కొబ్బరి చెట్ల దగ్గర పోయడం కూడా మంచిది కాదు. ఉప్పు సంగతి అందరికీ తెలుసు. తెలియంది ఇంకొకటి ఉంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే ఆ నల్లటి మట్టిలో గంధకం ఉంటుంది. గాలి తగిలి ఎండితే అది ఆమ్లంగా మారి నేలను పాడుచేస్తుంది. నీరు ఓడ్చుకోవడానికి ఒడ్డున చిన్న గట్టు కట్టి నాలుగు రోజులు ఆరనిచ్చి, సాగు లేని, పోటు అందని చోట, పాత చెరువు గట్లకో దారి పక్క పల్లానికో వేయండి. ఇసుకైతే ఊళ్లోకి తోలకుండా తీరంలోనే, కోతపడుతున్న చోట పరచాలి. ఉప్పాడ వైపు తీరం ఎలా కోసుకుపోతోందో చూస్తూ మనం సముద్రపు ఇసుకను ఇళ్ల పునాదులకు వాడటం న్యాయం కాదు. చట్టం కూడా ఒప్పుకోదు.

అనుమతి సంగతి. పోటు తగిలే నేలంతా తీరప్రాంత నియంత్రణ నిబంధనల కిందికి, అదే సీఆర్‌జెడ్ కిందికి వస్తుంది. ఉన్న ర్యాంపు మీద పేరుకున్న బురద కడుక్కోవడం వేరు, యంత్రంతో పాయ అడుగు తవ్వడం వేరు. మీరు కోరంగి అభయారణ్యం హద్దుల్లో గానీ పక్కనే గానీ ఉంటే అటవీశాఖకు చెప్పకుండా పార కూడా దించకండి. మొదట మీ సచివాలయంలో మత్స్య సహాయకుడికి, పంచాయతీకి, మీ మత్స్యకారుల సంఘం తరఫున ఒక అర్జీ ఇవ్వండి. ఏ తేదీల్లో, ఏ పద్ధతిలో, బురద ఎక్కడికి పోతుందో రాయండి. అందిందని సంతకం తీసుకోండి.

జాగ్రత్తలు చెప్పకుండా వదిలితే నాకు నిద్రపట్టదు. తొడ లోతు ఒండ్రులో ఒంటరిగా దిగకూడదు. కాలు దిగబడితే లాగిన కొద్దీ పట్టేస్తుంది. వెనక్కి వాలి కూర్చుని, బరువంతా నడుము మీద వేసి, కాలిని నెమ్మదిగా తిప్పుతూ తీయాలి. ఒడ్డున ఒక మనిషి, నడుముకు ఒక తాడు, కాళ్ల కింద వేసుకోవడానికి రెండు పలకలు సిద్ధంగా ఉంచండి. చెరువుల దగ్గర అలవాటని కరెంటు మోటారు తెచ్చి పెట్టకండి. తడి సిమెంటు మీద, ఉప్పునీళ్లలో నిలబడిన మనుషుల మధ్య కరెంటు వైరు ఉండకూడదు, ఎంత మంచి స్టార్టరు పెట్టినా సరే. ఆయిల్ ఇంజనే వాడండి. బురద పోయాక ర్యాంపు మీద అంటుకున్న గుల్లలు బ్లేడులా కోస్తాయి. ఆ నీళ్లలో తెగిన గాయం త్వరగా విషమిస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. గట్టి చెప్పులు వేసుకోండి, తెగితే వెంటనే మంచినీళ్లతో, సబ్బుతో కడుక్కోండి. మర్నాటికి ఎర్రగా వాచితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఒకసారి శుభ్రమయ్యాక దాన్ని నిలుపుకోవడం గురించి. రెండు వారాల్లో కూర్చునేది 3 సెంటీమీటర్ల మెత్తటి పొర. అది ఇంకా బిగుసుకోదు. ప్రతి అమావాస్యకూ పౌర్ణమికీ మర్నాడు, పాటు లాగుతుండగా ఇద్దరు మనుషులు ఇంజన్‌తో గంటసేపు కడిగితే పోతుంది. ఆరు నెలలు వదిలేస్తే మళ్లీ ఈ యుద్ధమంతా చేయాలి. సంఘంలో బోటుకు ఇంత అని డీజిల్ డబ్బులు వేసుకుని వంతులు పెట్టుకోండి. బోదెను కూడా ప్రతిసారీ ఒకసారి చూడండి, అది మూసుకుంటే మిగతాదంతా వృథా.

ర్యాంపుకు ఎగువన ఏదైనా చెరువు కాలువ గానీ ఊరి మురుగు కాలువ గానీ పాయలోకి పడుతోందేమో చూడండి. చేపల చెరువు పట్టుబడి అయ్యాక అడుగు బురదంతా ఒకేసారి వదులుతారు, అది మీ గూట్లో చేరుతుంది. ఆ కాలువ నోరు ర్యాంపుకు దిగువకు మార్పించగలిగితే ఏడాదికి ఒకసారి వచ్చే పెద్ద పూడిక తప్పుతుంది. ర్యాంపు పక్కనే ఏళ్లుగా పడి ఉన్న పాత బోట్లు, వలకట్టు గుంజలు కూడా తీయించండి. నీటి జోరు తగ్గించే ప్రతి వస్తువు చుట్టూ ఒండ్రు చేరుతుంది.

కొందరు బోటు వెనుక భాగాన్ని ర్యాంపు వైపు పెట్టి కట్టేసి, ఇంజన్ తిప్పి ఫ్యాను జోరుతో బురద లేపుతారు. ర్యాంపు దగ్గర ఆ పని వద్దు. ఫ్యాను నీరు అంచు కింద గుంట చేసి, ఆ మట్టినంతా కొంచెం అవతల దిబ్బగా పోస్తుంది. తర్వాత అంచు విరుగుతుంది, దిబ్బకు బోటు అడుగు తగులుతుంది. బోదెకూ పాయకూ మధ్య మెత్తటి మేట ఉంటే, దాని మీదుగా బోటు వెనక ఇనుప గొర్రు కట్టి పాటు వేళ ఈడ్చడం మంచి పద్ధతి. పొలంలో వాడే గొర్రే సరిపోతుంది.

ఇక ర్యాంపు పొడిగింపు. అది ఎందుకు వద్దంటున్నానంటే, ర్యాంపు నీళ్లలోకి ఎంత పొడుచుకొస్తే అంత అడ్డుగోడలా పనిచేస్తుంది. దాని రెండు పక్కలా నీరు మందగించి కొత్త మేటలు వేస్తాయి. కొత్తగా కట్టిన భాగం ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి దాన్ని కడగడానికి మార్చి పాటు కూడా చాలదు. పాయ వంపులో మీ రేవు లోపలి ఒడ్డున ఉంటే పరిస్థితి ఇంకా కష్టం. వంపులో బయటి ఒడ్డు కోసుకుపోతుంది, లోపలి ఒడ్డు పూడుతుంది. అది పాయ స్వభావం, సిమెంటుతో మారదు. అలాంటి చోట పొడిగింపుకు పెట్టే డబ్బుతో వంపుకు దిగువన ఒడ్డు నిటారుగా, నీరు లోతుగా ఉన్న చోట కొత్త ర్యాంపు అడగడం నయం. వాలు ఏడు ఎనిమిది అడుగుల పొడవుకు ఒక అడుగు దిగేలా ఉండాలని, పక్క గోడలు వద్దని అర్జీలో ఇప్పుడే రాయండి. ఎస్టిమేటు తయారయ్యాక మార్చడం కష్టం.

గెడతో కొలిచిన లోతులు, సీసాలో తేలిన బరువు, పాయ ఏ వైపుకు వంపు తిరుగుతుందో చూపే చిన్న బొమ్మ పంపండి. బోదె ఏ వైపుకు, ఎంత పొడవు తీయాలో కొలతలతో చెబుతాను.